బాబాయి, పెచ్చులు, పదిహేను లక్షల ఏళ్లు

శుక్రవారం

ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. పద్దెనిమిదేళ్లుగా చెన్నైలో కాపురం ఉంటున్నదాన్ని, ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ రోజు శుక్రవారమన్నదే గుర్తు లేదు. పాంథియన్ రోడ్డులో ఆటో దిగి, చిల్లర లెక్కపెట్టుకుని, ఆటో వెళ్లిపోయాక గానీ మూసిన గేటు నా కంట పడలేదు. బాబాయి నల్లద్దాలు సవరించుకుని గేటును పైనుంచి కిందికి చూసి, "బాగుంది. ఇనుము గట్టిది," అన్నాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆయన విషయంలో తేల్చడం కష్టం.

బాబాయిది మాచర్ల. నలభై ఏళ్లు నాపరాయితోనే బతికాడు. మొదట క్వారీలో కూలి, తర్వాత మేస్త్రీ, చివరికి సొంతంగా ఒక పాలిష్ మిషను. కుడికంటి శుక్లం ఆపరేషను ఇక్కడ చేయించాం. గురువారం చూసిన డాక్టరు అంతా బాగుందని, సోమవారం ఇంకోసారి రమ్మని చెప్పారు. మధ్యలో మూడు రోజులు. "ఇంట్లో కూర్చోబెడితే నాకు నాచు పడుతుంది అమ్మాయీ," అన్నాడు. ఆయన్ను మెరీనాకు తీసుకెళ్తే సముద్రం ఏముంది, ఉప్పునీళ్లు అంటాడు. రాళ్లు చూపిస్తే సరి అనుకున్నాను.

మ్యూజియం మూసి ఉంది కాబట్టి రేపు చూడాల్సిన కథ మొదలైన చోటికి ఈ రోజే పోదామని, ఎగ్మూరు స్టేషనులో తాంబరం వెళ్లే లోకల్ ఎక్కాం. కోడంబాక్కం, మాంబళం, గిండీ దాటి పల్లావరంలో దిగేలోపు కథ చెప్పాను.

1863 మే 30. భారత భూగర్భ సర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్, వయసు ముప్పైలోపు, పల్లావరం కంటోన్మెంటు పెరేడ్ మైదానం దగ్గర మొరం తవ్విన గుంతలో ఒక రాయి చూశాడు. రెండు వైపులా పెచ్చులు లేపి, ఒక కొన సూదిగా దించిన రాయి. ఏటి ఒరిపిడికి రాయి అలా తయారు కాదు. నాలుగేళ్ల ముందే, 1859లో, ఫ్రాన్సులోని సోమ్ నది లోయలో దొరికిన ఇలాంటి రాళ్లు మనిషి చేసినవేనని, అంతరించిన జంతువుల కాలం నాటివని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. ఆ వార్త ఫుట్ చెవిన పడి ఉండబట్టే ఇక్కడి గుంతలో రాయి ఆయనతో మాట్లాడింది. భారతదేశంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించడం అదే మొదలు. దేశంలో పూర్వచరిత్ర పరిశోధనకు ఆద్యుడని ఆయన్ను ఇప్పటికీ చెప్పుకుంటారు.

"రాళ్లు చూడటం అతని ఉద్యోగం కదా," అన్నాడు బాబాయి. "మనిషి కోసం వెతికేవాడైతే కనిపించేది కాదు."

పల్లావరంలో చూడటానికి ఏమీ లేదని ముందే చెప్పాను. కంటోన్మెంటు వైపు సైన్యం వారి బోర్డులు, ముళ్లకంచె. మాకు అక్కడ పనిలేదు. కొండవైపు తిరిగాం. విరిగిన అంచు ఒకటి దొరికితే చాలు ఆయనకు. నల్లగా, నీలి జీరతో, నూనె రాసినట్టు మెరిసే రాయిని వేలితో గీరి, "ఇది మా దగ్గర లేదు. దీన్ని కోస్తే బ్లేడు ఏడుస్తుంది," అన్నాడు. ఆ రాయికి చార్నకైట్ అని పేరు. ఆ పేరు ఒక సమాధి నుంచి వచ్చింది. కలకత్తాలో స్థిరపడిన ఈస్టిండియా కంపెనీ దొర జాబ్ చార్నాక్ 1693లో చనిపోతే, అతని సమాధికి ఇక్కడి కొండరాయి ఓడలో పోయింది. రెండు వందల ఏళ్ల తర్వాత థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ సమాధి రాయిని పరీక్షించి చచ్చినవాడి పేరే రాయికి పెట్టాడు. బాబాయికి ఇది తెగ నచ్చింది. "నలభై ఏళ్లలో ఎన్ని సమాధిరాళ్లు కోసి ఉంటాను! నా పేరు ఒక్కదానికీ పెట్టలేదు."

శుక్రవారమే అయినందుకు ఒక లాభం: పల్లావరం వారసంత. పాత ట్రంకు రోడ్డు పొడవునా మొక్కలు, గంపల్లో కోళ్లు, తిరగని ఫ్యాన్లు, తాళంచెవి పోయిన ఇనప్పెట్టెలు. జనం తోసుకుంటూ నడిపిస్తుంటే ఎండలో గంటన్నర తిరిగాం. బాబాయి ఒక పాత సుత్తిని పట్టుకుని, పిడి వాసన చూసి, అరవం ఒక్క ముక్క రాకుండానే బేరమాడి సగానికి తెచ్చాడు. ఇంటి నిండా సుత్తులున్న మనిషి ఇంకొకటి ఎందుకు కొన్నాడో పిన్నికి ఆయనే చెప్పుకోవాలి.

శనివారం

ఈసారి గేటు తెరిచి ఉంది. 1851లో మొదలైన మ్యూజియం. దేశంలో కలకత్తాది ఒక్కటే దీనికన్నా పాతది. ఎర్ర భవనాలు, గుండ్రటి థియేటరు, చెట్ల కింద ఫిరంగులు, బడిపిల్లల వరసలు. అందరూ వెళ్లే కంచు విగ్రహాల వైపు కాకుండా మేం నేరుగా రాతి పనిముట్ల దగ్గరికి వెళ్లాం. ఫుట్ నలభై ఏళ్లకు పైగా దక్షిణాదిన కాలినడకన, గుర్రం మీద తిరుగుతూ పోగుచేసిన రాళ్లను 1904లో ఈ మ్యూజియానికే అమ్మాడు. అప్పటి కర్నూలు జిల్లా బిల్లసర్గం గుహలను కొడుకుతో కలిసి తవ్వించినవాడు కూడా ఇతనే. ఆ మాట చెప్పగానే బాబాయికి ఫుట్ మీద సగం బంధుత్వం కలిసింది. "బేతంచర్ల దగ్గరే కదా? అక్కడి పలకలు కూడా అమ్మాను నేను."

చేతిగొడ్డలి అంటే పిడి ఉన్న గొడ్డలి కాదు. బాదంకాయ ఆకారంలో, అరచేతి నిండా పట్టే రాయి. వెడల్పు వైపు గుప్పిట్లో ఇముడుతుంది, మొన ముందుకు ఉంటుంది. మామూలుగా ఒక సందర్శకుడు దీని ముందు ఎంతసేపు నిలబడతాడో గమనించాను. చీటీ చదివేంత సేపు, అంతే. మా వెనక వచ్చిన కుటుంబంలో పిల్లవాడు "రాయి" అన్నాడు, తల్లి "ఆమా, కల్లు" అని తమిళంలో ఒప్పుకుంది, అందరూ ముందుకు సాగిపోయారు. తప్పు వాళ్లది కాదు. గాజు వెనక పెట్టిన పనిముట్టు సగం పనిముట్టే.

బాబాయి మాత్రం ఆ గాజు ముందు నలభై నిమిషాలు ఉన్నాడు. కొత్తగా తేటపడిన కన్నును గాజుకు ఆనించబోతే కాపలా మనిషి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడోసారి దగ్గరికి వచ్చి ఈయన ఏం చూస్తున్నాడో తానూ వంగి చూశాడు.

"ఇక్కడ చూడు. మొదటి దెబ్బ ఇటువైపు. ఈ గుంట దానిదే. రెండో దెబ్బ రాయిని తిప్పి, మొదటి పెచ్చు లేచిన గుంట అంచు మీదే వేశాడు. ఆ అంచే వాడికి పీట. అలా అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోతేనే ఈ అంచు జడలా వంకర తిరిగి వస్తుంది. గుడ్డిగా కొడితే రాయి రెండు ముక్కలవుతుంది, పోతుంది."

"ఇది ఏం రాయి?"

"పలుగురాయి జాతి. ఇసుకరాయి భూమిలో ఉడికి ముద్దయితే ఇలా అవుతుంది. నాపరాయి పొరలుగా లేస్తుంది, దీనికి పొర లేదు. ఎటు కొడితే అటు లేస్తుంది, కొట్టేవాడికి తెలిసి ఉండాలి."

క్వార్ట్జైట్ అని చీటీలో ఉన్నదానికి ఇంతకన్నా మంచి వివరణ నేనెక్కడా చదవలేదు. చీటీలో కాలం ఉంది, ఊరు ఉంది. దెబ్బల వరస మాత్రం లేదు. ఒక్క రాయికైనా ఏ పెచ్చు ముందు లేచిందో, ఏది తర్వాతో అంకెలు వేసి పక్కన బొమ్మ గీసి పెడితే ఆ పిల్లవాడు "రాయి" అని వెళ్లిపోయేవాడు కాదు. ఇంకా ఒక అడుగు వేసి, ఎవరైనా పట్టుకుని చూడటానికి ఒక నకలు రాయిని గొలుసు కట్టి బయట పెడితే మరీ మంచిది. పెన్నుకు గొలుసు కట్టే దేశంలో అదేం పెద్ద పని కాదు.

మధ్యాహ్నం అమరావతి శిల్పాల గదికి వెళ్లాం. తెలుగువాళ్లకు ఈ గది ఒక తీరని పేచీ. కృష్ణ ఒడ్డున దీపాలదిన్నె అని పిలుచుకున్న మట్టిదిబ్బను 1790లలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కోసం తవ్విస్తే స్తూపం బయటపడింది. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, వాటిలో 120కి పైగా లండన్ వెళ్లిపోయాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం ఈ గదికి వచ్చాయి. నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే వృత్తం ముందు బాబాయి నిలబడ్డాడు. ఒకే గుండ్రంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒకచోట మదమెక్కి మనిషిని తొండంతో విసురుతూ, పక్కనే మోకాళ్ల మీద వంగి. మేడ మీది ఆడవాళ్లు వంగి చూస్తుంటారు. ఒకామె భయంతో పక్కవాడి మీద వాలిపోతుంది.

నేను ఆ వాలిపోయిన ఆమెను చూస్తున్నాను. బాబాయి రాయిని చూస్తున్నాడు.

"దీన్ని మార్బుల్ అంటారా?"

"అమరావతి మార్బుల్స్ అని ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు బాబాయి."

"చలువరాయి కాదిది. సున్నపురాయి. మా పలనాటిది. ఆకుపచ్చ తిరిగిన తెలుపు, చూడు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా తేలుతుంది." తుడిచే పని పెట్టుకుంటాడేమోనని భయపడి చెయ్యి పట్టుకున్నాను. 19వ శతాబ్దంలో ఈ పలకలను సిమెంటుతో గోడల్లోకి పొదిగారని చెబితే పళ్లు నూరాడు. సిమెంటులోని ఉప్పు, గోడ చెమ్మ కలిసి సున్నపురాయిని ఎలా తింటాయో ఆయనకు పాఠం చెప్పాల్సిన అవసరం లేదు. మిషను షెడ్డు గోడ పక్కన పేర్చిన పలకలు పొడిపొడిగా రాలడం ఆయన చూసినదే.

ఇవి ఎక్కడ ఉండాలన్న వాదనలోకి మాత్రం దిగలేదు. "ఉన్నచోట ఉంటే సున్నం బట్టీకి పోయేవి," అన్నాడు ఒకసారి. కాసేపాగి, "అయినా మన ఊరివి," అన్నాడు. రెండు మాటలకూ మధ్య ఒక పాలకోవా తిన్నాడు.

ఆదివారం

తెల్లవారుజామున సెంట్రల్ పక్కనున్న స్టేషనులో తిరువళ్లూరు లోకల్ ఎక్కాం. అక్కడి నుంచి పూండి బస్సు. చెన్నై నుంచి మొత్తం 60 కిలోమీటర్ల లోపే, కాని ఆవడి దాటాక ఊరు వదలడానికి చాలాసేపు మొరాయిస్తుంది.

పూండి జలాశయం నిండుగా ఉంది. 1944లో కట్టారు. నగర మేయరుగా దీని కోసం పట్టుబట్టిన సత్యమూర్తి పేరే దీనికి పెట్టారు. ఈ ఏటిని తమిళంలో కొసస్థలైయారు అంటారు. కార్వేటినగరం, నగరి వైపు మనవాళ్లకు అది కుశస్థలి. 1996 నుంచి కండలేరు కాలువ ద్వారా కృష్ణ నీళ్లూ ఇందులోకే వస్తున్నాయి. తెలుగుగంగ అంటే ఇదేనని చూపించాను. శ్రీశైలం దగ్గర పక్కకు తిరిగి, సోమశిల, కండలేరు మీదుగా ఇంతదూరం నడిచి వచ్చిన నీళ్లు. బాబాయి గట్టు మీద నిలబడి, "అయితే మా సాగర్‌కు రావాల్సినవి మీ బిందెల్లో పడుతున్నాయన్నమాట," అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా తాగుతున్నదాన్ని, ఏమంటాను!

తమిళనాడు పురావస్తు శాఖ వారి పూర్వచరిత్ర మ్యూజియం చిన్నది. ఎగ్మూరులో తిరిగిన కాళ్లకు ఇది ఒక వరండా. అయినా దీని గొప్ప ఏమిటంటే, లోపలున్న రాయి ఎక్కడిదని అడిగితే కిటికీలోంచి చెయ్యి చాపి చూపించవచ్చు. చేతిగొడ్డళ్లు, అడ్డంగా అంచున్న క్లీవర్లు, గీరుడు రాళ్లు, చివరికి గోరంత చిన్న రాతి బ్లేడ్లు వరసగా ఉన్నాయి. ఆ వరస మీదే బాబాయి ఆగాడు.

"పెద్దవి ముందా, చిన్నవి ముందా?"

"పెద్దవే ముందు."

చాలాసేపు చూసి అన్నాడు: "అయితే ముందు పెచ్చు పారేసి రాయి ఉంచుకున్నాడు. తర్వాత రాయి పారేసి పెచ్చు ఉంచుకున్నాడు."

ఈ రాళ్లు దొరికిన పక్క ఊరు అత్తిరంపాక్కం గురించి నేను చదివినదంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. పల్లావరం తర్వాత నాలుగు నెలలకు, అదే 1863 సెప్టెంబరులో, ఫుట్, ఆయన సహోద్యోగి విలియం కింగ్ ఇక్కడికి వచ్చి వాగు కోతల్లో గుట్టలుగా పనిముట్లు చూశారు. తర్వాత చాలామంది వచ్చారు, వెళ్లారు. 1999లో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం మొదలుపెట్టిన తవ్వకాలే లెక్క మార్చాయి. కుమార్ అఖిలేష్‌తో కలిసి ఆమె చేసిన పని ఫలితాలు 2011లో వచ్చాయి: అడుగు పొరల్లోని చేతిగొడ్డళ్ల వయసు కనీసం 10 లక్షల 70 వేల ఏళ్లు, సగటున చూస్తే 15 లక్షలు. అంతవరకు ఇండియాలో ఈ పనితనం చాలా తర్వాత వచ్చిందని అనుకునేవారు.

వయసు ఎలా చెబుతారని బాబాయి అడిగాడు. నాకు చేతనైనట్టు చెప్పాను. రాయి ఆరుబయట పడి ఉన్నంతకాలం ఆకాశం నుంచి వచ్చే కిరణాలు దానిలోని పలుగులో రెండు రకాల అణువులను పుట్టిస్తుంటాయి: ఒక రకం అల్యూమినియం, ఒక రకం బెరీలియం. మట్టిలో లోతుగా పూడిపోతే కొత్తవి పుట్టవు, ఉన్నవి క్షీణిస్తాయి. మొదటిది తొందరగా, రెండోది నిదానంగా. "బెల్లం, పటికబెల్లం ఒకేసారి నీళ్లలో వేశావనుకో. ఏది ఎంత మిగిలిందో చూస్తే ఎప్పుడు వేశావో తెలుస్తుంది." బాబాయి తల ఊపాడు. అక్కడి మట్టి మరో సాక్ష్యం కూడా ఇచ్చింది. ఆ పొరల్లో అయస్కాంత దిశ తలకిందులుగా ఉంది. భూమి ఉత్తర దక్షిణాలు చివరిసారి తారుమారై ఇప్పటి తీరుకు వచ్చింది 7 లక్షల 80 వేల ఏళ్ల కిందట. ఆ పొర అంతకన్నా పాతదే అయి ఉండాలి.

పెచ్చు ఉంచుకునే కాలం సంగతి 2018లో తేలింది. పై పొరల్లో దొరికిన 7 వేలకు పైగా రాళ్లను చూస్తే, సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ల కిందటే పెద్ద గొడ్డళ్లు తగ్గిపోయి, రాయిని ముందుగా తీర్చిదిద్దుకుని దాని నుంచి కావలసిన ఆకారంలో ఒక్క దెబ్బకు పెచ్చు లేపే పద్ధతి మొదలైంది. ఇలాంటి పని ఆఫ్రికా నుంచి మన జాతి మనుషులు తెచ్చి ఉంటారని, లక్షా పాతిక వేల ఏళ్లకు ముందు ఇక్కడ ఉండదని అనుకునేవారు. తెచ్చారో, ఇక్కడే ఎవరికైనా తట్టిందో చెప్పడానికి చేసినవారి ఎముక ఒక్కటీ ఇక్కడ దొరకలేదు. నీటిదున్న, గుర్రం జాతి జంతువుల పళ్లు దొరికాయి, గిట్టల ముద్రలు దొరికాయి. మనిషి మాత్రం రాళ్లు వదిలి తాను తప్పుకున్నాడు.

అత్తిరంపాక్కం దాకా ఆటోలో వెళ్లాం. నడిపే అబ్బాయిది ఊత్తుకోట దగ్గర పల్లె. మా మాటలు విని తెలుగులోకి దిగాడు. "ఆ రాళ్ల కోసం ఫారిన్ నుంచి కూడా వస్తారండి. మా నాయన చిన్నప్పుడు వాటితో చింతకాయలు కొట్టేవారట."

సైటు చూసి నిరాశపడేవాళ్లే ఎక్కువ ఉంటారు. గుడి లేదు, గోడ లేదు, ఎక్కడానికి మెట్లు లేవు. వర్షాలు కోసిన గండ్లు, ఎర్రమొరం, సర్కారు తుమ్మ, మేకలు. కాని గండి పక్కన నిలబడితే పొరలు కనిపిస్తాయి: పైన ఎర్రటి గులక, కింద ముద్దమట్టి. ఆ గులకలో కొన్ని రాళ్ల అంచులు అనుమానంగా ఉంటాయి. ముట్టుకోకూడదు, తియ్యకూడదు. ఎక్కడ ఉన్న రాయి అక్కడ ఉంటేనే దానికి వయసు, తీస్తే పేపర్‌వెయిటు. బాబాయికి ఇది రెండుసార్లు చెప్పాల్సి వస్తుందనుకున్నాను. ఒక్కసారి కూడా రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, గండి పొడవునా నడిచాడు.

"ముడిరాయి ఎక్కడి నుంచి తెచ్చారు?"

అల్లికుళి కొండల వైపు చూపించాను. ఒకప్పటి నదులు దొర్లించిన గుండ్రాళ్లు అతుక్కుపోయి బండలైన కొండలు అవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రకం రాళ్లకు మన సత్యవేడు పేరే పెట్టారు. ఆ బండలు అరిగి రాలే గుండ్రాళ్లే ఈ పనిముట్లన్నింటికీ సరుకు.

"క్వారీ పక్కనే, నీళ్లు పక్కనే," అన్నాడు. "మేమూ షెడ్డు అలాగే వేసుకుంటాం."

గుడియం రాతిగుహలకు వెళ్లాలని ఉంది. అడవిలో నడక, అనుమతి, ఎండ, బాబాయి కన్ను. మానేశాం.

తిరుగు బస్సుకు ముప్పావుగంట ఉంది. పూండి బస్టాపు దగ్గర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి లారీతో గులక పోయించారు. దాని పక్కన జామకాయల బండి. రెండు కాయలు కొంటే అమ్మే ఆవిడ కత్తి ఇంకొకరి దగ్గర ఉంది. బాబాయి ఇంటివాళ్లను అడిగి కుప్పలోంచి ఒక గుండ్రాయి, దానికన్నా చిన్నది ఇంకొకటి ఏరుకున్నాడు. నల్లద్దాల మీద చెయ్యి అడ్డం పెట్టుకోమన్నాను, కళ్లు మూసుకున్నాడు. పల్లావరం సుత్తి సంచిలో ఉందని గుర్తు చేస్తే, "దాంతో కొడితే ఎవరికైనా వస్తుంది," అన్నాడు.

మొదటి దెబ్బకు పొడి రాలింది. నాలుగో దెబ్బకు వేలు నలిగింది, ఒక పలనాటి మాట అన్నాడు. చుట్టూ ముగ్గురు పోగయ్యారు. రాయిని తిప్పి, మొదట చితికిన అంచును పీటగా చేసుకుని, కాస్త ఏటవాలుగా ఎనిమిదో తొమ్మిదో దెబ్బ వేశాడు. టప్పుమని కాదు, గాజు గ్లాసు మీటినట్టు మోగింది. అరచేతిలో సగం ఉన్న పెచ్చు ఆయన కాళ్ల దగ్గర పడింది.

దాంతో జామకాయ కోశాడు. గింజల దగ్గర కాస్త నలిగింది గానీ తెగింది. ఆవిడ మాట్లాడకుండా ఉప్పూకారం చల్లింది. బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాక పెచ్చును తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"జేబు చిల్లు పడుతుంది బాబాయి."

"ఎటూ పిన్ని కుడుతుందిలే," అని, కన్ను మూసుకుని, వేలికొసతో జేబు మీంచే దాని అంచు వెతుక్కుంటూ కూర్చున్నాడు.